ఒక్కపొద్దు

ఆరు నెలల సంది ఇంజనుతోటి నాకు పంచాయితి.

పొద్దుగాల సోమశిల రేవుల
ఒక్క తిప్పుకే లేస్తది.
ముప్పై మందిని, రెండు మోటర్‌సైకిళ్లను,
ఒక మేకపోతును
కిక్కురుమనకుండ అవతలికి మోస్తది.
ఆడ ఆపి, బీడీ తాగి, మళ్ల హ్యాండిల్ అందుకుంటనా,
డుగ్ అంటది. ఇంకో డుగ్.
ఆ తర్వాత ఇనవడేదంతా నా ఆయాసమే.

కొల్లాపూర్ మెకానిక్ మౌలాలి ఫోన్ల అడిగిండు:
"రోజు గిట్లనేనా సవారన్నా?"
రోజు గిట్లయితే ఏం బాధ?
రోజు తాగెటోనికి ఒక లెక్కుంటది.
ఎప్పుడో ఒకనాడు తాగెటోన్ని
ఏ దుకాణం కాడ పట్టాలె?

డీజిల్ల నీళ్లు కలిసినయన్నరు.
సీసల పోసి ఎండకు పట్టి చూసిన,
అడుగున నీటి చుక్క లేదు.
ఫిల్టర్ మార్చిన. నాజిల్ ఇప్పి పంపిన.
పైపుల గాలి జొచ్చిందంటే
బోల్టు వదులు చేసి
బుడగలు పోయి నూనె దారగ వచ్చిందాక పంపు కొట్టిన.
ఆ పూటకు లేస్తది.
తెల్లారి మళ్ల అదే కత.

మౌలాలి రెండుమార్లు వచ్చిండు.
ట్యాంకు మీదున్నదేదో పక్కకు జరిపి,
మూతిప్పి లోపలికి తొంగి చూసి,
మూత పెట్టి, తిప్పిండు.
ఇన్‌స్పెక్టర్ వచ్చిన నాటి బడి తీరుగ
ఎంత బుద్ధిమంతురాలో అప్పుడు!
బస్సు కిరాయి, చాయ్, మూడొందలు.

శనివారం మాత్రం ఎన్నడు మొండికెయ్యలె.
కనిపెట్టింది నేను గాదు,
టికెట్లు చింపే ఆశన్న.
ఏడు శనివారాలు, ఏడు తిప్పులని
వేళ్లు ముడిచి చూపిండు.
శనివారం నాకు ఒక్కపొద్దు,
కురుమూర్తి సామి పేర.
ఇగ రేవంత పాకింది మాట.
బోనమ్మ వచ్చి ఇంజనుకు బొట్టు పెట్టింది.
పరీక్షకని గురువారం గూడ ఉపాసముంటే
గురువారం గూడ లేసింది!
మా శివలీల తలె ముంగట పెట్టి అన్నది:
"రోగం ఇంజనుకు, పథ్యం నీకా?"

ఆ మంగళవారం అవతలి రేవుల చిక్కినం.
మిట్ట మద్యాన్నం, ఇసుక మండుతున్నది.
మునిగిన ఊరి మీద నీళ్లు కదలకుండ పండుకున్నయి.
హ్యాండిల్ తిప్పి తిప్పి నా రెక్కలు పడిపోయినయి.
ఎవరి పిలగాడో ఆకలికి ఏడువవట్టె.
నా కాడ ఏమున్నది? జొన్న రొట్టెలు,
మెత్తగుండాలని శివలీల తడిగుడ్డల చుట్టిన మూట.
పడవ అడుగున ఊట నీళ్లు, పైనేమో మంది కాళ్లు,
ఇగ రొట్టెకు జాగ యాడున్నది?
ట్యాంకు మూతనే దాని గద్దె.

మూట లేపిన.
స్స్... స్...
ఎవలో నీళ్లల్లకెళ్లి లేసి
ఊపిరి గుంజుకున్నట్లు.

మూత నడుమ మెంతి గింజంత తొర్ర.
డీజిల్ కిందికి దిగాలంటే
పైనుంచి అంత గాలి లోపలికి పోవాలె.
ఆ ముక్కు మీద ఆరు నెలలు
నా పెండ్లాం ప్రేమ తడిగుడ్డతోటి కూసున్నది.

మౌలాలి మొదలు జరిపింది మూటనే గదా.
శనివారం నాకు మూటనే లేదు గదా.

తిప్పిన. లేసింది.
పిలగాడు రొట్టె నములుకుంట
నా దిక్కు బీరిపోయి చూసిండు,
ఈ ముసలోడు ఒక్కడే ఎందుకు నవ్వుతుండో తెల్వక.

ఇప్పుడు మూట గుంజకు యాలాడుతది.
శివలీలకు చెప్పిన.
మౌలాలికి చెప్పిన, మూడొందలు వాపసియ్యలె.
బోనమ్మకు చెప్పలె.
ఒక్కపొద్దు ఇడువలె.
ఎప్పుడన్న ఏటి నడుమ
మూత మీద చెవి పెట్టి
లోపలికి వోయే గాలిని ఇంట.

నిన్న పొద్దుగాల మళ్ల లెవ్వలె.
మూట గుంజకే ఉన్నది,
తొర్ర తెరిచే ఉన్నది.
జరసేపు నీళ్ల దిక్కు చూసి
ఆశన్నను అడిగిన:
ఇయాల ఏం వారంరా?